నిప్పు తర్వాత 85 గంటలు

1997 ఫిబ్రవరి 1, శనివారం. తెల్లవారుజామున 4 గంటల 18 నిమిషాలు.

జపాన్‌లోని కరియా పట్టణం ఇంకా నిద్ర లేవలేదు. బయట ఫిబ్రవరి చలి. ఐసిన్ సేకి కంపెనీ ఒకటో నంబరు ప్లాంటులో నిప్పు రాజుకుంది. మెషిన్ షాపు అంటేనే నూనె. నేల మీద నూనె, గాలిలో నూనె, గోడలకు పట్టిన జిడ్డులో నూనె. మంట ఒక లైను నుంచి ఇంకో లైనుకు పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఫైరింజన్లు వచ్చాయి. కళ్లు మండించే పొగ కమ్మేసింది. తలుపుల అవతల నిలబడ్డ ఉద్యోగులు ఒక్కటే చూస్తున్నారు. మంట ఎటు పోతోంది?

అది పీ-వాల్వుల లైన్ల వైపు పోతోంది.

ఉదయం 8 గంటల 52 నిమిషాలకల్లా లెక్క తేలిపోయింది. పీ-వాల్వులు చేసే లైన్లు దాదాపు మొత్తం బూడిదయ్యాయి. బ్రేకులకు, క్లచ్‌కు వాడే మాస్టర్ సిలిండర్ల లైన్లూ పోయాయి. ఆ మెషిన్లు బజారులో దొరికేవి కావు. ఆ ఒక్క పని కోసమే, ఆ ఒక్క చోటు కోసమే చేయించుకున్నవి. మళ్లీ ఆర్డరిస్తే చేతికి రావడానికి నెలలు పడుతుంది. నెలలు ఎవరి దగ్గరున్నాయి?

పీ-వాల్వు పిడికిట్లో పట్టేంత వస్తువు. ఖరీదు వెయ్యి యెన్లకు అటూ ఇటూ. కారులో ఎక్కడుంటుందో నడిపేవాడికి కూడా తెలియదు. కానీ గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు వెనక చక్రాలకు వెళ్లే ఒత్తిడిని అదే అదుపు చేస్తుంది. అది లేకపోతే వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి గిర్రున తిరిగిపోతుంది. కాబట్టి అప్పట్లో పీ-వాల్వు లేని కారు గేటు దాటేది కాదు. రోజుకు 32,500 వాల్వులు ఈ ప్లాంటు నుంచే వెళ్లేవి. టయోటా వాడే పీ-వాల్వుల్లో 99 శాతం ఇక్కడివే.

ఇక నిల్వ సంగతి. టయోటా ఏ వస్తువునూ గుట్టలుగా పోసుకునేది కాదు. కావలసినప్పుడు, కావలసినంతే తెచ్చుకోవడం ఆ కంపెనీ పద్ధతి. తాయిచీ ఓనో అనే ఇంజనీరు దశాబ్దాల పాటు ఒక్కో బోల్టు దగ్గరా నిలబడి నేర్పించిన పద్ధతి అది. అసెంబ్లీ లైన్ల పక్కనున్న వాల్వులు గంటల్లో అయిపోతాయి. దారిలో లారీల్లో ఉన్నవి, అక్కడా ఇక్కడా ఉన్నవి ఊడ్చినా రెండు మూడు రోజులకు మించి రావు. పైగా అది మామూలు సమయం కాదు. ఏప్రిల్ 1 నుంచి జపాన్‌లో వినియోగ పన్ను 3 శాతం నుంచి 5 శాతానికి పెరగబోతోంది. పన్ను పెరగకముందే కారు కొనేయాలని జనం ఎగబడుతున్నారు. టయోటా రోజుకు 15,500 బండ్లు తీస్తోంది. ప్లాంట్లన్నీ పరుగు మీదున్నాయి.

ఆ పరుగుకు ఇప్పుడు రెండు రోజుల ఆయువు మిగిలింది.

మంటలింకా ఆరనేలేదు. 5:30కే ఐసిన్‌లో అత్యవసర బృందం కూర్చుంది. ఒంటికి పొగ వాసన అంటుకునే ఉంది. బల్లల మీద ఫోన్లు ఒకటి తర్వాత ఒకటి వచ్చి చేరుతున్నాయి. వందల కొద్దీ కొత్త లైన్లు, సెల్‌ఫోన్లు. మూలన స్లీపింగ్ బ్యాగుల కుప్ప. ఇంటికి వెళ్లే ఆలోచన ఎవరికీ లేదని ఆ కుప్పే చెబుతోంది. టయోటాకు కబురందింది. ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి క్షమాపణ చెప్పి రావడానికి కొందరు బయల్దేరారు. మిగిలినవాళ్ల ముందు ఒకే ప్రశ్న నిలబడింది. మనం చేయలేం. మరెవరు చేస్తారు?

ఆ గదిలో తీసుకున్న నిర్ణయం దగ్గర కాసేపు ఆగాలి. కంపెనీ దగ్గర దాచుకోవలసిన సొత్తు ఏదైనా ఉందంటే అది డ్రాయింగే. ఏ కొలత ఎంత, ఏ రంధ్రం ఏ వాలున పోవాలి, ఎంత నునుపు కావాలి, అన్నీ అందులోనే ఉంటాయి. ఏళ్ల తరబడి తప్పులు చేసి, దిద్దుకుని సంపాదించిన తెలివంతా ఆ కాగితాల మీద ఉంటుంది. అవి పోటీదారు కంట పడితే వ్యాపారమే చేజారిపోవచ్చు. ఐసిన్ వాటిని బీరువాలోంచి తీసి అడిగిన ప్రతివాడి చేతిలో పెట్టింది. తనకు సరుకిచ్చే చిన్న సంస్థలకు, టయోటాకు సరుకిచ్చే పెద్ద సంస్థలకు, ఎన్నడూ కారు భాగం తాకని వాళ్లకు కూడా. ఒప్పందాల మీద సంతకాలు లేవు. హక్కుల గురించి మాట లేదు. ధర ఎంతని ఎవరూ అడగలేదు. ఎవరూ చెప్పలేదు.

శనివారం సాయంత్రానికల్లా డ్రాయింగులు ఊళ్లు దాటుతున్నాయి. అసలు కష్టం అక్కడ మొదలైంది.

నాలుగైదు మెషిన్లున్న చిన్న షెడ్డు. సెలవు రోజు. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల ట్యూబ్‌లైట్ల కింద బల్ల మీద డ్రాయింగు పరిచి, నాలుగు మూలలా నట్లు బరువు పెట్టి, ఫోర్‌మన్ దాని మీదకు వంగాడు. అంతా ఉంది. ఏ రంధ్రం ఎంత వెడల్పుండాలో ఉంది. ఎంత లోతుండాలో ఉంది. ఎలా చేయాలో మాత్రం లేదు. ఎందుకంటే ఐసిన్‌లో ఆ 'ఎలా' ఎవరూ రాసి పెట్టలేదు. అది వాళ్ల మెషిన్లలో ఉండేది. ముక్క ఒక చివర లోపలికి పోతే, వరసగా పోటు మీద పోటు పడి, రెండో చివర పూర్తయి బయటకు వచ్చేది. ఇప్పుడా మెషిన్లు బూడిద. ఈ షెడ్డులో ఉన్నవి మామూలు మెషినింగ్ సెంటర్లు, డ్రిల్లులు, ఒక పాత మిల్లింగ్ మెషిన్. పుస్తకం చూసి ఆవకాయ పెట్టబోయిన కొత్త కోడలి పరిస్థితి. కొలతలన్నీ ఉన్నాయి, చేయి మాత్రం తిరగలేదు.

మొదటి ముక్కను బిగించారు. బిగించడానికి సరైన జిగ్ లేదు. చేతికందిన ఇనుముతో ఒకటి తయారు చేశారు. డ్రిల్లు దిగింది. రీమర్ తిప్పారు. కూలెంటు పాలలా తెల్లగా కారింది. ముక్కను గుడ్డతో తుడిచి, దీపం కింద పెట్టి, రంధ్రంలోకి గేజ్ దూర్చారు.

గేజ్ సగంలోనే ఆగిపోయింది.

లోపల ఏటవాలుగా సన్నబడే రంధ్రం. పక్కనుంచి వచ్చి దాన్ని కలిసే ఇంకో సన్నటి దారి. ఆ రెండూ కలిసే చోట వెంట్రుకంత ఇనుప ముల్లు. దాన్ని బర్ అంటారు. అది అక్కడే ఉండిపోతే బ్రేకు ఆయిల్లో కలిసి వాల్వు సీటు మీద కూర్చుంటుంది. వాల్వు పూర్తిగా మూసుకోదు. కొండ దారిలో దిగుతున్న కారు బ్రేకు తొక్కితే ఏమవుతుందో ఆ షెడ్డులో అందరికీ తెలుసు. ముక్కను పక్కన పడేశారు. రెండోది బిగించారు. అదీ పోయింది. జిగ్ కోణం మార్చారు. వేగం తగ్గించారు. పనులు చేసే వరసే మార్చేశారు. ముందు చిన్న రంధ్రం, తర్వాత పెద్దది. రాత్రి పోయింది. ఆదివారం పోయింది. గేజ్ ఈసారి అడుగు దాకా దిగింది.

ఫోర్‌మన్ ఫోన్ అందుకున్నాడు.

ఆ ఫోన్ ఎవరికి వెళ్లిందన్నదాంట్లోనే ఈ కథ కిటుకంతా ఉంది. తనకు దొరికిన ఉపాయాన్ని అతను దాచుకోలేదు. ఏ బిట్టు వాడాడో, ఏ వరసలో చేశాడో, ముక్క ఎక్కడ విరిగిందో, అంతా ఐసిన్‌కు చెప్పేశాడు. అక్కడి నుంచి ఆ మాట పక్క ఊరి షెడ్డుకు వెళ్లింది. అక్కడ ఇంకో తిప్పలుంది, దానికి ఇంకెవరో దారి కనిపెట్టారు, ఆ దారి మళ్లీ ఫోన్లలో ప్రయాణం చేసింది. ఐసిన్ ఇంజనీర్లు కార్లలో షెడ్డు నుంచి షెడ్డుకు తిరుగుతూ, ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట చెబుతూ, చెప్పినచోట మళ్లీ కొత్తది నేర్చుకుంటూ, నిద్ర లేక ఎర్రబడ్డ కళ్లతో తమ వాల్వును తామే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. నిన్నటిదాకా ఆ వస్తువు గురించి అన్నీ తమకే తెలుసనుకున్నవాళ్లు వాళ్లు. మామూలు మెషిన్ మీద దాన్ని ఎలా తీయాలో వాళ్లకే ఎవరో నేర్పుతున్నారు.

ఈలోగా టయోటా వందల మంది ఇంజనీర్లను ఐసిన్‌కు పంపింది. అక్కడ పెత్తనం చేతుల్లోకి తీసుకోవడం ఎంత తేలికో! డబ్బు వాళ్లది, అవసరం వాళ్లది, ఐసిన్‌లో వాటా కూడా ఉంది. కానీ ఏ షెడ్డు ఏ మెషిన్ మీద ఎలా చేయాలో పైనుంచి ఎవరూ ఆదేశించలేదు. ఏం కావాలో చెప్పారు. ఎప్పటికి కావాలో చెప్పారు. ఎలా చేయాలో చేసేవాడికి వదిలేశారు. ఆ సంయమనం చాలామంది అధికారులకు చేతకాదు. మంట అంటుకున్నప్పుడైతే అసలే చేతకాదు.

సంస్థలు తమ సొంత పనులు పక్కన పెట్టేశాయి. టయోటాకు సరుకిచ్చే సంస్థల్లో అతి పెద్దది డెన్సో. కరియాలోనే ఉంటుంది. మెషిన్లకు ఖాళీ దొరకాలని తాను చేసుకునే పనిముట్ల తయారీని బయటివాళ్లకు ఇచ్చేసింది. అంతటితో ఆగలేదు. పదుల చోట్ల తయారవుతున్న వాల్వుల్ని పోగుచేసి, తనిఖీకి ఐసిన్‌కు పంపి, అక్కడి నుంచి టయోటా లైన్లకు చేర్చే రవాణా గందరగోళాన్ని కూడా నెత్తికెత్తుకుంది. కుట్టుమిషన్లకు పేరుపడ్డ బ్రదర్ కంపెనీ ఏనాడూ కారు భాగం చేయలేదు. ఒక మిల్లింగ్ మెషిన్‌ను మార్చడానికి సుమారు 500 పనిగంటలు ఖర్చుపెట్టింది. దాంతో రోజుకు వచ్చింది ఎన్ని వాల్వులు? నలభై. 32,500 కావలసిన చోట నలభై. అయినా చేసింది.

సోమవారం సాయంత్రానికి నిల్వలు అడుగంటాయి.

ఫిబ్రవరి 4, మంగళవారం. టయోటా 30 అసెంబ్లీ లైన్లలో 20 ఆగిపోయాయి. కన్వేయర్ ఆగినప్పుడు ఫ్యాక్టరీలో వినిపించే నిశ్శబ్దం చెవులకు కొత్త. సగం కట్టిన కార్లు ఎక్కడివక్కడే. చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకుని, పక్కవాడి వైపు చూసే కార్మికులు. లారీలు గేట్ల దగ్గర ఇంజన్లు ఆపేసుకున్నాయి. బుధవారానికి మిగిలిన లైన్లు కూడా దాదాపు అన్నీ ఆగాయి. ఇంత పెద్ద కంపెనీ ఇంత చిన్న ముక్క కోసం ఆగిపోయిందేమిటని అందరూ అడుగుతున్నారు. నిల్వలు లేకుండా బతకడం తెలివైన పనేనా? ఒకే చోట 99 శాతం చేయించుకోవడం పొరపాటు కాదా?

ఆ ప్రశ్నలో నిజముంది. వందకు పైగా రకాల వాల్వుల్ని ఒకే కప్పు కింద పెట్టడం ప్రమాదమే. ఆ సంగతి ఎవరూ కాదనలేరు. కానీ నిల్వలు లేకుండా బతకడం అలవాటైనవాళ్లకే ఒక గుణం అబ్బుతుంది. తప్పు ఎక్కడుందో దాచిపెట్టే వీలు వాళ్లకు లేదు. గిడ్డంగి నిండా సరుకుంటే చెడ్డ ముక్క నెల దాకా బయటపడదు. నిల్వ లేకపోతే చెడ్డ ముక్క పది నిమిషాల్లో లైను ఆపుతుంది. అప్పుడు మాట్లాడుకోక తప్పదు. టయోటాకు సరుకిచ్చేవాళ్ల సంఘం క్యోహోకాయ్ 1943లోనే పుట్టింది. 1970ల చివర్లో అదే సంస్థలు చిన్న చిన్న అధ్యయన బృందాలుగా విడిపోయి, ఒకరి ఫ్యాక్టరీలోకి ఒకరు వెళ్లి, ఒకరి తప్పులు ఒకరు చూసి దిద్దడం మొదలుపెట్టాయి. అంటే నిప్పు పుట్టే నాటికే వీళ్లకు ఒకరి షెడ్డు ఒకరికి తెలుసు. ఫోన్ ఎవరికి చేయాలో తెలుసు. తీసేవాడు మాట దాచడని తెలుసు. ఈ అగ్నిప్రమాదానికి రెండేళ్ల ముందే, 1995లో, ఇకుజిరో నొనాకా, హిరోతకా తకేయుచి అనే ఇద్దరు జపాన్ పండితులు ఒక పుస్తకం రాశారు. కాగితం మీద పెట్టలేని తెలివి మనిషి చేతుల్లో, మనుషుల మధ్య ఉంటుందని, దాన్ని బయటికి తీసి పంచగలిగిన కంపెనీయే కొత్తది సృష్టిస్తుందని వాళ్ల వాదన. ఆ వాదనకు ఇంత కఠినమైన పరీక్ష వస్తుందని ఎవరూ అనుకుని ఉండరు.

పరీక్ష ఫలితం మంగళవారమే వచ్చింది. ఒక చిన్న లారీలో వచ్చింది.

క్యోరిట్సు సాంగ్యో. పెద్దగా ఎవరూ వినని పేరు. చిన్న సంస్థ. అందరికంటే ముందు, మంట లేచిన 85 గంటలకు, లైనులో బిగించడానికి పనికొచ్చే పీ-వాల్వులు వెయ్యి తెచ్చి ఇచ్చింది. పెద్ద పెద్ద కంపెనీలు ఇంకా జిగ్గులతో కుస్తీ పడుతుండగానే. ఐసిన్ తనిఖీ బల్ల మీద పెట్టెలు విప్పారు. ఒక్కొక్కటి తీసి, గేజ్ దూర్చి, కొలిచి, ఒత్తిడి పెట్టి చూశారు. ఒకటి. ఇంకొకటి. వరసగా పదిహేను. ఇరవై.

సరిపోయాయి.

వెయ్యి అంటే ఒక పూట అవసరానికి కూడా రాదు. కానీ చేయవచ్చని తెలిసిపోయింది. ఎలా చేయాలో కూడా తెలిసిపోయింది. ఆ తర్వాత పెట్టెలు ఆగలేదు. ఒక్కో షెడ్డు నుంచి పది, యాభై, వంద. ఆ వారం తిరగకముందే టయోటా లైన్లు ఒక్కొక్కటిగా మళ్లీ కదిలాయి. ఫిబ్రవరి 10, సోమవారం నాటికి ఉత్పత్తి మంటకు ముందున్న స్థాయిని అందుకుంది. వారాలు పడుతుందనుకున్నది పది రోజుల్లోపే కుదుటపడింది. వాల్వులు నేరుగా చేసిన సంస్థలు 62. వాటికి పనిముట్లు, ముడి ముక్కలు, చిన్నాచితకా పనులు అందించినవి 150కి పైనే. మెషిన్ టూల్ తయారీదార్లు మరో 70 దాకా.

నష్టం చిన్నదేమీ కాదు. ఆగిపోయిన బండ్లు 70 వేల దాకా, చేజారిన అమ్మకాలు సుమారు 16,000 కోట్ల యెన్లు. బండ్లలో చాలావాటిని తర్వాతి నెలల్లో ఓవర్‌టైమ్ చేసి పూడ్చుకున్నారు. ఇక బిల్లుల వంతు వచ్చింది. అంతదాకా ఎవరూ నోరెత్తని విషయం.

మనుషుల కూలి, మెషిన్ల ఖర్చు, సామాను ఖర్చు ఐసిన్ కట్టింది. టయోటా ఇంకో అడుగు వేసింది. తనకు నేరుగా సరుకిచ్చే సంస్థలకు, జనవరి నుంచి మార్చి దాకా అవి తనకు అమ్మినదాంట్లో ఒక శాతం అదనంగా ఇస్తానంది. అదంతా కలిపితే 1,500 కోట్ల యెన్లు దాటింది. ఎవరు ఎన్ని వాల్వులు చేశారని లెక్క కట్టలేదు. నలభై చేసినవాడికీ, పది వేలు చేసినవాడికీ, ఒక్కటీ చేయకుండా లైను ఆగినందువల్ల నష్టపోయినవాడికీ అదే కొలత. ఆ సంస్థల్లో చాలావరకు తమకు సరుకిచ్చే చిన్నవాళ్లకూ అదే తరహాలో పంచాయి.

ఐసిన్ ఆ డబ్బుతో లెక్క ముగిసిందనుకోలేదు. తర్వాత ఒక మార్గదర్శిని అచ్చువేసి తనకు సరుకిచ్చేవాళ్లకు పంచింది. ఆపద వచ్చినప్పుడు ఎవరేం చేయాలి, ఈసారి ఏది దెబ్బకొట్టింది, ఏది కాపాడింది. తన అనుభవాన్ని అందరి ముందూ పరిచింది. పరువు పోతుందని మూసిపెట్టే కంపెనీలనే ఎక్కువగా చూస్తాం.

పద్నాలుగేళ్లు గడిచాయి. 2011 మార్చి 11. ఈసారి భూకంపం. ఇబరాకీ ప్రాంతంలో రెనెసాస్ కంపెనీ నాకా ప్లాంటు దెబ్బతింది. కార్లకు మెదడులాంటి చిప్పులు అక్కడ తయారవుతాయి. క్లీన్‌రూములు చెదిరిపోయాయి, యంత్రాలు కదిలిపోయాయి. మళ్లీ జపాన్ కార్ల లైన్లన్నీ ఒక్క కప్పు వైపు చూశాయి. పని మొదలవడానికి జులై దాకా ఆగాల్సిందేనని మొదట అనుకున్నారు. కార్ల కంపెనీలు, విడిభాగాల కంపెనీలు, మెషిన్లు చేసేవాళ్లు తమ మనుషుల్ని పంపారు. ఒక్కో రోజు 2,500 మంది దాకా. హెల్మెట్లు పెట్టుకుని, రాత్రి షిఫ్టుల్లో కూడా, తమది కాని ఫ్యాక్టరీలో పైపులు బిగించారు.

జూన్ 1న నాకా ప్లాంటులో వేఫర్లు మళ్లీ లైను మీదకెక్కాయి.